ఐదు ఆంపియర్ల ఇల్లు

బుర్జ్ హమ్మూద్‌లో మా వీధి మీద
ఆకాశం కంటే తీగలే ఎక్కువ.
ఏ తీగ ఎవరింటికో అబూ నదీమ్‌కి తెలుసు.
జనరేటర్ అతనిది,
నెలనెలా ఆంపియర్లు కొలిచి పోస్తాడు
పాలు పోసినట్టు, నురగ తీసేసి.

నాలుగింటికి గిన్వా వచ్చింది,
వెనకాలే వాళ్ళమ్మ, చంకలో పుదీనా కట్ట.
"నషాన్ బాబాయ్, వెయ్యి వాట్ల పవర్ సప్లై కావాలి."
"వెయ్యే!" అంది తల్లి.
"మనది ఐదు ఆంపియర్ల ఇల్లు.
నీ పెట్టె ఒక్కటే మింగేస్తే
ఫ్రిజ్‌లో జున్ను ఏం కావాలి?"

ఇద్దరూ తప్పారు, ఒకే చోట.
డబ్బా మీద అంకె దాని ఆకలి కాదు, ఓపిక.
పది బస్తాలు మోయగల హమాలీ
ఒక్క బస్తా వేస్తే ఒక్కటే మోస్తాడు.
కంప్యూటర్ అడిగినంతే ఇది గోడ నుంచి లాగుతుంది,
పైన కాస్త వేడికి పోతుంది, దారి ఖర్చు.

రసీదు వెనక్కి తిప్పి పెన్సిల్ తీశాను.
గ్రాఫిక్స్ కార్డుకి రెండు వందల ఇరవై.
ప్రాసెసర్ ఒళ్ళు మరిచి పనిచేస్తే నూట నలభై.
బోర్డు, రెండు డిస్కులు, నాలుగు ఫ్యాన్లు,
పంతం పట్టి పెట్టించుకున్న ఆ ఊదారంగు లైట్లు,
అన్నిటికీ ఓ అరవై.
"నాలుగు వందల ఇరవై. మరి నాలుగు వందల యాభైది చాలుగా,"
అంది తల్లి, నేను పెన్సిల్ ఎత్తకముందే.

చాలదమ్మా.
కార్డుకి ఉన్నట్టుండి పూనకం వస్తుంది.
కన్నార్పేలోపు రెట్టింపు అడిగి
ఏమీ ఎరగనట్టు మళ్ళీ కూర్చుంటుంది.
ఆ రెప్పపాటు ఇవ్వలేకపోతే తెర నల్లబడుతుంది.
మీ అమ్మాయి బొమ్మలకి నడక నేర్పుతుంది కదా,
మూడు రాత్రుల నడక
ఒక కాలు గాల్లో ఉండగానే పోతుంది.
ఆరు వందల యాభై తీసుకోండి.

"పక్క షాపులో ఏడు వందల యాభై
ఇందులో సగం ధరకే ఇస్తున్నాడు."

నేనేం మాట్లాడలేదు.
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన డబ్బాని
కాలితో ముందుకి నెట్టాను.
దాని మీదా ఏడు వందల యాభై అనే ఉంది.

పదకొండేళ్ళ కిందట నా చేత్తోనే అమ్మాను,
పెళ్ళి ఫోటోలు తీసే షాహాన్‌కి.
ఆరు వారాలకి టప్పుమంది.
పోతూ పోతూ రెండు డిస్కుల్ని వెంటేసుకుపోయింది,
పదిహేడు పెళ్ళిళ్ళు వాటిలో.
షాహాన్ డబ్బు వెనక్కి అడగలేదు.
ఆ పదిహేడు గడపలకీ నన్ను తోడు రమ్మన్నాడు.
వెళ్ళాను.
ఒకింట్లో పెళ్ళికూతురు మాకు కాఫీ ఇచ్చింది.
ఇంకా దిగలేదు అది.

తల్లి వంగి ఆ డబ్బా ఎత్తింది.
"లోపలేదో దొర్లుతోంది."
"రాయి. ఉత్త డబ్బా అయితే
తలుపు గాలికే ఎగిరిపోతుంది."
రాయి తీసి కింద పెట్టింది,
రెండో చేత్తో ఆరు వందల యాభైది ఎత్తింది.
పుచ్చకాయలు తూచి తూచి ఆరితేరిన చేతులు.
ఇక బేరమాడలేదు.

చివరి లెక్క కూడా రాసిచ్చాను:
గోడ దగ్గర నాలుగు వందల డెబ్భై,
అంటే రెండు ఆంపియర్లకి కాస్త పైన.
ఫ్రిజ్, బల్బులు, రౌటర్ కలిసి ఒకటి.
దాదాపు రెండు మిగులు.
ఆ కాగితం మడిచి
పుదీనా కట్టలో దోపుకుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను.
"బాబాయ్, పోయింది. ఇల్లంతా చీకటి."
నా కళ్ళ ముందు గడపలు, ఒకదాని వెనక ఒకటి.
"కాలిన వాసన?"
"లేదు."
"టప్పుమందా?"
"లేదు... ఉండు."
దూరంగా తల్లి గొంతు,
చెప్పులు తడుముకుంటూ ఎవరో మెట్లు దిగిన చప్పుడు.

"అమ్మ ఇస్త్రీ పెట్టె వేసింది.
రేపు తమ్ముడికి స్కూల్లో ఫోటో అట."

ఆ చొక్కా నా లెక్కలో లేదు.
"చిన్నదైనా ఎనిమిది వందల వాట్లు తాగుతుందమ్మా అది,"
అన్నాను, కుర్చీలో కూలబడుతూ.
"కాలరు అయ్యేదాకా
నీ బొమ్మని కాసేపు కూర్చోమను."